ఆవగింజంత నీలం

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల సందులో రాళ్లకు సానపట్టే కామాక్షాచారి గారికి, ఎవరేది అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడి చేతిలో ఒక రాయి పెట్టేవారు. ఆయన పనితనం ఎంతటిదంటే, సానపట్టిన రాయిని గుమ్మంలో ఎండకు పెడితే చుట్టుపక్కల పొద్దుతిరుగుడు చేలన్నీ సూర్యుణ్ణి మరిచి ఇటు తిరిగేవి. సానచక్రం పాట వింటూ పెన్నలో చేపలు కునుకు తీసేవి. ఇందులో కాస్త పెంచి చెప్పింది ఉంటే అది చేపల సంగతి ఒక్కటే.

ఒకనాటి పొద్దున శిష్యుడు రుద్రాచారి ముఖం ముడుచుకుని వచ్చాడు. తమ్ముడు వీరేశాన్ని ఆదివారంలోగా ఇంట్లోంచి పంపేయాలని నిశ్చయించుకున్నాడు. వాడు ఎండెక్కితే గాని లేవడు, లేస్తే పేకాట, నోరు తెరిస్తే కోతలు. ముప్పై ఐదేళ్లొచ్చినా ఒక పనిలో నిలిచింది లేదు. ఈ అంగట్లోనే కసువు ఊడుస్తూ ఒకసారి దొరికిన కెంపును ఎవరూ అడగకముందే తెచ్చి ఇచ్చాడు, మంచి అంటే అదొక్కటే అని గురువు గారికి అంతా చెప్పుకున్నాడు.

"గురువు గారూ, మనిషిలో మంచి ఆవగింజంతే ఉంటే వాణ్ణి ఉంచుకోవాలా, వదులుకోవాలా?"

గురువు గారు అతని అరచేతిలో ఒక ముడిరాయి పెట్టారు. జమ్మలమడుగు ఓబుళమ్మ పంపిన ఏడింటిలో అది చివరిది. ఆమె తండ్రి సింహళంలో కూలి చేసి తెచ్చిన రాళ్లవి. పసుపు, గులాబి, ఆకుపచ్చ, ఊదా, నారింజ, పొగరంగు, అన్నీ నీలాలే. నీలమంటే ఒక రంగు కాదు, ఒక వంశమని గురువు గారనేవారు. ఏడూ ఒకే కంకణంలో ఉండాలని, ఒక్కటి తగ్గినా తన తండ్రి కష్టం తగ్గినట్టేనని ఆమె కబురు పెట్టింది. ఆరూ పొదగడం అయింది. ఈ ఏడోది మాత్రం కడిగిన బియ్యపు నీళ్లలా తెల్లగా ఉంది. ఒక మూల ఆవగింజంత నీలిచుక్క.

రుద్రాచారి తిప్పి తిప్పి చూసి, అది మచ్చ గనక అరగదీసేద్దామన్నాడు. తెల్లరాయైనా శుభ్రంగా ఉంటుందని అతని లెక్క.

గురువు గారు రాయిని తీసుకుని తామే సానకు కూర్చున్నారు. మూడు రోజులు సందంతా ఊపిరి బిగబట్టింది, పిచ్చుకలు కూడా నడిచే తిరిగాయి. సగం రాయి పొడైపోయింది. ఆయన మాత్రం చుక్క జోలికి పోకుండా, అది సరిగ్గా అడుగు మొనలో పడేలా రాయిని చెక్కారు. పెద్దాయన చూపు మందగించిందేమోనని రుద్రాచారి లోలోపల భయపడ్డాడు.

నాలుగో రోజు కంకణం చేతికిచ్చారు. ఏడో రాయి పైనుంచి చూస్తే అంచు నుంచి అంచు దాకా నీలి శ్రావణమేఘం. వెనక రంగురేకు వేశారేమోనని రుద్రాచారి కంకణం తిరగేశాడు. రేకు లేదు, వెనక తెరిచే ఉంది. పక్కనుంచి చూశాడు. అదే బియ్యపు నీళ్లు, అడుగున అదే చుక్క. మళ్లీ పైనుంచి చూశాడు, మేఘం. అలా ఎన్నిసార్లు తిప్పాడో, చివరికి మణికట్టు నొప్పెట్టింది.

"మిగతా రంగు ఎక్కణ్ణించి వచ్చింది స్వామీ?"

"మిగతాది రాలేదు. ఉన్నదే అంతటా కనిపిస్తోంది."

ఈ సంగతి దాచకుండా, పక్కనుంచి కూడా చూసుకోమని ఓబుళమ్మకు చీటీ రాసి, కంకణంతోపాటు గుడ్డలో చుట్టారు. జమ్మలమడుగు దాకా పోయి ఇచ్చి రావాలి, వీరేశాన్ని పిలవమన్నారు.

రుద్రాచారి కూర్చున్న చోటు నుంచి లేవలేదు. "వాడి చేతికా? ఏడు రాళ్ల బంగారు కంకణమా?"

గురువు గారు మూట అతని ఒళ్లో పెట్టి, సానచక్రం వైపు తిరిగారు.

"చుక్క ఎక్కడుందో నాకు చెప్పింది నువ్వే గదా, నాయనా."