తుడిచేసిన మైనస్

కుందన లెక్క చేసిందంటే పుస్తకం వెనక జవాబుతో కలిసి తీరాల్సిందే. ఆత్మకూరు ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఈ సంగతి అందరికీ తెలుసు, అందరికంటే ఎక్కువగా కుందనకి తెలుసు. అయినా జిల్లా లెక్కల పోటీకి వహీదా మేడం ఆమె పేరు చెప్పలేదు. ఉండబట్టలేక స్టాఫ్‌రూముకి వెళ్లి, తనలో ఏం తక్కువని అడిగేసింది.

మేడం ఆమెను ఖాళీ క్లాసులోకి తీసుకెళ్లారు. బోర్డు మీద ఒకటి బై ఎక్స్ అని రాసి, ప్రథమ సూత్రం నుంచి దాని అవకలజం, అంటే ఎక్స్‌తో పాటు అది మారే రేటు, కనుక్కోమన్నారు. రావలసిన జవాబు కూడా పక్కనే రాశారు: ఒకటి బై ఎక్స్ స్క్వేర్. రాసి, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

దగ్గరిదారి సూత్రాలు ఇంకా పాఠంలోకి రాలేదు. ప్రతిదీ మొదటి నుంచి తవ్వుకోవాల్సిందే. కుందన ఎక్స్‌కి హెచ్ కలిపింది. కొత్త విలువలోంచి పాతది తీసేసి హెచ్‌తో భాగించింది. పైనా కిందా హెచ్ కొట్టేసి, మిగిలిన హెచ్‌ని సున్నాకి పంపింది.

మైనస్ ఒకటి బై ఎక్స్ స్క్వేర్ వచ్చింది.

మేడం జవాబులో మైనస్ లేదు. మళ్లీ చేసింది. మళ్లీ మైనస్సే. కుందన వేలితో దాన్ని తుడిచేసింది. మంచిపిల్లల వేళ్లకి ఈ పని ఎవరూ నేర్పక్కర్లేదు.

"కలిసింది మేడం" అంది గర్వంగా.

మేడం వచ్చి, సుద్ద మరక మీద వేలు పెట్టారు. "ఇక్కడేముండేది?"

"మైనస్. తప్పొచ్చింది."

"తప్పని ఎవరన్నారు?"

"మీ జవాబులో లేదు కదా మేడం."

"ఇంట్లో మగవాళ్లు జవాబు ముందే చెప్పేస్తారు, దానికి తగ్గట్టు లెక్క మనం సర్దుతాం. ఇక్కడ కూడానా తల్లీ?"

కుందన బోర్డు వైపు తిరిగింది. తన వరసలన్నీ పైనుంచి కిందిదాకా ఇంకోసారి చదువుకుంది. ఎక్స్ పెరిగేకొద్దీ ఒకటి బై ఎక్స్ తగ్గుతోంది. తగ్గేదానికి మైనస్ రాక మరేమొస్తుంది?

తుడిచిన చోట మైనస్ తిరిగి పెట్టింది. అక్కడితో ఆగలేదు. మేడం రాసిన జవాబు దగ్గరికి నడిచి, దాని ముందూ ఒక మైనస్ గీసింది, కాస్త పొడుగ్గానే.

"తప్పు మీది మేడం."

వహీదా మేడం ఆ గీత వైపు చూశారు, తన జవాబే గెలిచినంత గర్వంగా.

"పోటీలోనూ సరైన జవాబులివీ అని ముందే రాసిపెట్టేది మనుషులే" అన్నారు. "పోటీకి వెళ్లిరా."