పదిహేడో మెట్టు

కంబగిరాచారికి ఉపదేశం కావాలి. మూడేళ్ళుగా అడుగుతున్నాడు. మూడేళ్ళుగా అమ్మ చూద్దాంలే అంటోంది.

అమ్మంటే కాళహస్తమ్మ. నంద్యాల శివార్లలో ఒక రేకుల కొట్టమే ఆమె మఠం. గురువంటే గడ్డమూ పులిచర్మమూ ఉండాలనుకునేవాళ్ళు గుమ్మం దాకా వచ్చి, చేటలో కందులు చెరుగుతున్న ముసలమ్మని చూసి, గురువుగారెక్కడని ఆమెనే అడిగేవాళ్ళు. బయటికెళ్ళారని చెప్పి పంపించేసేది. నిలబడ్డవాళ్ళకి ఒకటే షరతు పెట్టేది. ముందు నీ చేతిపని చూపించు, ఆ తర్వాత నీ సందేహాలు. కళ్ళు మూసుకుని ఎంతసేపు కూర్చోగలవో నాకక్కర్లేదు అనేది.

కంబగిరి వడ్రంగి. మంచి వడ్రంగి. ఆ సంగతి అతనికి అవసరానికి మించి తెలుసు. తను చేసిన తలుపులు చూపిస్తే ఊఁ అంది. పూజామందిరం చూపిస్తే దానికీ ఊఁ అంది. ఈలోగా విత్తనాల వ్యాపారి లింగమయ్య కింద కొట్టు, పైన ఇల్లు కట్టుకుంటూ, లోపలి మెట్ల పని అతనికి అప్పజెప్పాడు. అన్నీ టేకుతో చెయ్యాలి. మెట్లు కుదిరితే తన కొత్తింటి చెక్కపనంతా నీదేనని లింగమయ్య తమ్ముడు కూడా మాటిచ్చాడు. గృహప్రవేశం రోజు అమ్మని తీసుకెళ్ళి చూపిస్తే ఇక ఊఁ అని ఊరుకోలేదని కంబగిరి ధీమా.

ఆ రోజు పొద్దున్నే ఆటోలో తీసుకొచ్చాడు. ముహూర్తానికి ఇంకా కాస్త టైముంది. కింద నిలబెట్టి అన్నీ చెప్పుకొచ్చాడు. రెయిలింగు నడుమెత్తు ఉందన్నాడు. పాకే పిల్లాడి తల దూరకుండా కమ్మీలు దగ్గర దగ్గరగా వేశానన్నాడు. పాదం జారకుండా ప్రతి మెట్టు అంచునా గాడి కొట్టాడట. లైటు స్విచ్చి కిందా ఉంది, పైనా ఉంది. పుస్తకంలో ఉన్న రూలు ఒక్కటీ వదల్లేదమ్మా అన్నాడు. ఇక అందమంటారా, అదుగో అని పైకి చూపించాడు. మెట్లు పై అంతస్తుని కలిసేచోట తామర రేకుల చెక్కడం ఉంది. వచ్చిన చుట్టాలంతా మెడలెత్తి దాన్నే చూస్తున్నారు.

చెప్పనిది ఒకటుంది.

పదడుగుల ఎత్తుకి ఏడున్నర అంగుళాల చొప్పున పదహారు మెట్లు సరిగ్గా సరిపోయాయి. బిగించడం అయిపోయాక లింగమయ్య బావమరిది చెంచయ్య వచ్చి, కింది నుంచి లాభం, నష్టం, లాభం, నష్టం అనుకుంటూ ఎక్కాడు. పైకి చేరేసరికి నోట్లో నష్టం ఉంది. మెట్టు చెక్కడం చేతగాని మనిషి మెట్లు లెక్కపెట్టడంలో మాత్రం మహా పండితుడు. ఇంటిల్లిపాదీ మొహాలు మాడ్చుకున్నారు. అన్నీ ఊడదీసి, కొలత మార్చి, పదిహేడు చెయ్యాలంటే నెల పడుతుంది. ముహూర్తం చూస్తే పదిరోజుల్లో ఉంది. కంబగిరి చివరి మెట్టు ఎత్తుని రెండుగా చీల్చాడు. ఒకటి అయిదంగుళాలయింది, రెండోది రెండున్నర. తేడా కంటికి ఆనకుండా పైన తామర రేకులు చెక్కాడు. లెక్క లాభంతో ముగిసింది. ఎలా ముగిసిందని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

పదిహేను మెట్లు ఒకే ఎత్తున ఎక్కిన కాలు పదహారోదాన్ని చూడదు. అలవాటు కొద్దీ లేస్తుంది. ఆ సంగతి తెలియని వడ్రంగి ఉండడు.

కాళహస్తమ్మ రెయిలింగు పట్టుకుని నిదానంగా ఎక్కింది. కంబగిరి రెండు మెట్లు వెనక నడిచాడు. పదహారో మెట్టు మీద ఆమె అడుగు గాల్లోంచి దబ్బున పడింది. ఒళ్ళంతా ముందుకు తూలింది. రెయిలింగు మీద పట్టుంది కాబట్టి నిలదొక్కుకుంది.

వెనక్కి తిరిగి చూసింది. కంబగిరి చెయ్యి చాచి సిద్ధంగా ఉన్నాడు.

ఆమె ఆ చేతిని చూసింది. అతని మొహంలోకి చూసింది. తర్వాత చీర సర్దుకుని ఆ తామర రేకుల మీదే, దారికి అడ్డంగా, కూర్చుంది.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. ముసలావిడ, ఆయాసపడి కూర్చుంది అనుకున్నారు. కింద మేళం మొదలైంది. పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. లింగమయ్య భార్య సరోజనమ్మ దీపం వెలిగించిన ఇత్తడి పళ్ళెం రెండు చేతులా పట్టుకుని మెట్ల ముందు నిలబడింది. కొత్త కంచిపట్టు చీర. కుచ్చిళ్ళు నేలని ఊడుస్తున్నాయి. దీపంతో ముందు ఇల్లాలే పైకెక్కాలి, పైన పొయ్యి వెలిగించి పాలు పొంగించాలి.

ఆమెని లేవమనప్పా అని లింగమయ్య కింది నుంచి కేకేశాడు. మా గురువుగారండీ అన్నాడు కంబగిరి. గురువుకి కూర్చోడానికి ఇంక చోటే దొరకలేదా అని చెంచయ్య వెటకారం చేశాడు.

"దొరికింది కదా నాయనా," అంది కాళహస్తమ్మ. కదల్లేదు.

కంబగిరి ఆమె దగ్గరగా వంగి, గొంతు తగ్గించి బతిమాలాడు. ఈ ఒక్క పూట గడవనివ్వమన్నాడు. రేపే పనిముట్లు తెచ్చి సరిచేస్తానన్నాడు. ఇంతమందిలో, లింగమయ్య తమ్ముడి ముందు, తన పరువు తీయొద్దన్నాడు. ఆవిడ అంతా విన్నది.

"నేను తూలకముందే నీ చెయ్యి లేచింది, కంబగిరీ."

అతను ఆ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"కింద దీపం పట్టుకుందే, ఆ పిల్ల వెనకాల రోజూ నువ్వుంటావా?"

పంతులుగారు ఇక ఆగకూడదన్నారు. అక్కడికి చేరేలోపు ఆ ముసలావిడే లేస్తుందిలే అని సరోజనమ్మ మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. వెనక చెంచయ్య అందుకున్నాడు. లాభం. నష్టం. లాభం. రెండు చేతుల్లో పళ్ళెం, రెయిలింగు పట్టుకోడానికి మూడో చెయ్యి లేదు. చూపంతా దీపం మీదే. కుచ్చిళ్ళ కింద కాళ్ళు కనపడవు. అయిదు, ఆరు, ఏడు. కంబగిరి అమ్మ వైపు చూశాడు. అమ్మ సరోజనమ్మ పాదాల వైపు చూస్తోంది. ఎనిమిది. మేళం జోరందుకుంది. తొమ్మిది, పది. తను పక్కకి తప్పుకుంటే చాలు, చెయ్యి చాచి పక్కనే నిలబడితే ఈ పూటకి గడిచిపోతుంది. ఆ చెయ్యి తనకి తెలియకుండానే మళ్ళీ లేవడం కంబగిరి చూసుకున్నాడు.

దిగి వెళ్ళి ఆమెకి అడ్డం నిలబడ్డాడు.

"ఆగండమ్మా. పైన రెండు మెట్లు పొట్టివి. లెక్క కోసం నేనే అట్లా చేసి దాచిపెట్టాను. తెలియకుండా ఎక్కితే పడతారు."

మేళం ఆగిపోయింది. సరోజనమ్మ నిలబడింది పన్నెండో మెట్టు మీద. నష్టం మీద ఆపాడని చెంచయ్య లబోదిబోమన్నాడు. లింగమయ్య శుభకార్యమని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాడు. తమ్ముడు తిట్టలేదు. కండువా దులుపుకుని, నేనింకెవర్నయినా చూసుకుంటాలే ఆచారీ అన్నాడు, ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా.

సరోజనమ్మ మాత్రం దీపం అదరకుండా నిలబడి ఉంది. "తిట్లు తర్వాత. నాకు కాళ్ళు కనపడవు, ఎట్లా ఎక్కాలో చెప్పు," అంది.

అప్పుడు కాళహస్తమ్మ లేచి పక్కకి జరిగింది.

కంబగిరి పైకెళ్ళి పదిహేనో మెట్టు మీద ఒక పక్కగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరచెయ్యి పై మెట్టు మీద ఆనించాడు. ఇక్కడమ్మా, కాలు తక్కువగా ఎత్తండి. ఇది ఇంకా తక్కువ. చెయ్యి చూసుకుంటూ ఆమె ఒక్కో అడుగూ వేసింది. దీపం పైకి చేరింది.

అక్కడితో అయిపోలేదు. ఆమె వెనక అత్తగారు ఎక్కింది. పంతులుగారు, చెంచయ్య, పిల్లలు, చుట్టాలు, కొట్లో గుమాస్తాలు ఎక్కారు. అందరికీ అదే మాట చెప్పాడు. ఇక్కడ పొట్టిగా చేశానండీ, చూసుకోండి. కొందరు నవ్వారు. ఒకాయన, ఇంత చెక్కడం చెక్కింది దీనికా అన్నాడు. అవునన్నాడు. భోజనాలు పైనే కాబట్టి తిన్నవాళ్ళు మళ్ళీ దిగాలి. దిగేవాళ్ళకీ చెప్పాడు. మోకాళ్ళు వాచాయి. గొంతు బొంగురుపోయింది.

చివరికి కాళహస్తమ్మ చెయ్యి కడుక్కుని, వక్క నములుతూ మెట్ల దగ్గరికొచ్చింది. అతను తలెత్తలేదు.

"ఇక్కడ పొట్టిగా చేశానమ్మా," అన్నాడు. "చూసుకోండి."

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి, తన బరువంతా దాని మీదే మోపి, దిగింది.