మసిగాడి పట్టు

అనగనగా, ఎండలు ముదిరితే ఇప్పపూల వాసనతో నిండిపోయే ఒక అడవిలో, గుబురమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. వాడి పేరు మసిగాడు.

పిల్లలూ, ఎలుగుబంటి తన పిల్లను ఎలా మోస్తుందో తెలుసా? వీపు మీద ఎక్కించుకుంటుంది. పిల్ల ఆ పొడుగాటి వెంట్రుకలను పిడికిళ్లతో పట్టుకుని కూర్చుంటుంది. అమ్మ ఎంత దూరం నడిస్తే అంత దూరం సవారీ! మసిగాడిది ఉడుంపట్టు.

"అబ్బా! మెల్లగా పట్టుకోరా! వెంట్రుకలు ఊడొచ్చేలా ఉన్నాయి" అని గుబురమ్మ రోజూ కసిరేది.

"వదిలితే పడిపోతానమ్మా!" అని వాడు ఇంకాస్త గట్టిగా పట్టుకునేవాడు.

ఒకసారి వాళ్లిద్దరూ కొండ అవతల, వాగు ఒడ్డున ఉండే బుంగన్నను చూడటానికి వెళ్లారు. బుంగన్న గుబురమ్మకు సొంత అన్న. ఆయన్ను చూడగానే గుబురమ్మ గుండె గుభేలుమంది. పొట్ట నేలకు ఆనుతోంది. పళ్లు పుచ్చిపోయాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఒకప్పుడు చిటారుకొమ్మదాకా పాకినవాడు, ఇప్పుడు చెట్టు మొదట్లో కూలబడి ఉన్నాడు.

"ఏమైందన్నయ్యా నీకు?" అని అడిగింది.

"తీపి, చెల్లీ! తీపే నా కొంప ముంచింది" అని మూలిగాడు బుంగన్న. ఇంకా ఏదో చెప్పబోయాడు కానీ, పంటి పోటుకు మాట పెగల్లేదు.

తిరిగి వచ్చే దారంతా గుబురమ్మకు ఒకటే దిగులు. 'నా బిడ్డకూ ఇలాగే అయితే? వాడూ చెట్టు కింద కూలబడితే?' ఇల్లు చేరే సరికి ఒక నిర్ణయానికి వచ్చేసింది.

"ఇక నుంచి మనం చెదలు తింటాం. చీమలు తింటాం. గుడ్లు దొరికితే గుడ్లు. తియ్యగా ఉండేది ఏదీ ముట్టుకోకూడదు" అని చెప్పింది.

చెదలంటే మనకు పుస్తకాలు కొరికే పురుగులు. ఎలుగుబంటికి మాత్రం కమ్మటి భోజనం. కండ పెంచే భోజనం కూడానూ. అందులో తప్పేమీ లేదు. కానీ అదొక్కటే చాలుతుందా?

మర్నాడు మసిగాడు రాలిన ఇప్పపువ్వు ఏరుకున్నాడు. "పారెయ్! మామయ్యను చూశావుగా!" అంది గుబురమ్మ.

ఇంకో రోజు మేడిపండు పట్టుకొచ్చాడు. "ఇదీ తీపే! పారెయ్!" అంది.

ఆ తర్వాత పక్క బొరియలో ఉండే ముళ్లపంది, సూదమ్మ, ఒక అడవిదుంపను దొర్లించుకుంటూ వచ్చింది. "వదినా, పిల్లాడికి పెట్టు. ఇప్పుడే తవ్వాను."

"వద్దు వదినా. అది తీపి."

"దుంప తీపేంటి? చప్పగా ఉంటేనూ!"

"కాసేపు నమిలి చూడు. నమిలేకొద్దీ తియ్యబడుతుంది. నా దగ్గరా నీ మాటలు?"

"అదీ నిజమేలే. అయినా మా వాళ్లంతా దుంపలు తినే బతికారు. ఒక్కరికైనా పొట్ట ఉందేమో చూపించు!" అని సూదమ్మ ముళ్లు గలగలలాడిస్తూ వెళ్లిపోయింది. దుంపా వెనక్కి దొర్లిపోయింది. మసిగాడు దానివైపే చూస్తూ ఉండిపోయాడు.

మొదట్లో గుబురమ్మకు ఒళ్లు తేలికైనట్టు అనిపించింది. తర్వాత తర్వాత లేవబోతే కళ్లు తిరిగేవి. చిన్నదానికీ పెద్దదానికీ చిరాకు వచ్చేది. మసిగాడు ఆటలు మానేశాడు. ఎప్పుడు చూసినా నీడలో పడి నిద్ర. వీపు ఎక్కితే వాడి పిడికిళ్లు అసలు తగులుతున్నట్టే ఉండేవి కావు.

అది చూసి గుబురమ్మ సంబరపడింది. "నా బంగారుకొండకు బుద్ధి వచ్చింది. ఎంత సుతారంగా పట్టుకుంటున్నాడో!"

మసిగాడు వీపు మీదే తల వాల్చేశాడు.

ఒక మధ్యాహ్నం గాలిలో పొగ వాసన వచ్చింది. దూరంగా, దిగువన, ఎండుగడ్డి అంటుకుంది. మంట ఇంకా చాలా దూరంలోనే ఉంది. కానీ గాలి ఇటు తిరిగితే? కొండ దాటి వాగు చేరితేనే ప్రాణాలు దక్కేది.

"ఎక్కరా నాన్నా! త్వరగా!"

మసిగాడు ఎక్కాడు. గుబురమ్మ కొండ ఎక్కసాగింది. కొంచెం దూరం పోగానే మసిగాడు జారి పడ్డాడు. ఎక్కించుకుంది. మళ్లీ జారాడు. మళ్లీ ఎక్కించుకుంది. కాళ్లు వణుకుతున్నాయి. చెవుల్లో హోరు. వెనక పొగ చిక్కబడుతోంది. నాలుగడుగులు వేసి ఆగడం, ఆగి మళ్లీ వెయ్యడం.

ఉన్నట్టుండి వీపు తేలికైంది.

వెనక్కి తిరిగింది. మసిగాడు లేడు!

"మసీ! ఒరేయ్ మసీ!"

దిగువన, సూదమ్మ బొరియ పక్కనున్న ముళ్లపొదలోంచి సన్నగా మూలుగు వినిపించింది. గుబురమ్మ పడుతూ లేస్తూ కిందికి పరుగెత్తింది.

"ఎందుకు వదిలావురా?"

"నేను వదల్లేదమ్మా. నా వేళ్లే వదిలేశాయి."

గుబురమ్మ వాడి పిడికిలిని తన పంజాలోకి తీసుకుంది. అందులో పట్టు లేదు. ఇన్నాళ్లూ తను బుద్ధి అనుకున్నది బుద్ధి కాదు, నీరసం. వాణ్ని ఎత్తుకుని లేవబోయింది. తన కాళ్లూ లేవలేదు.

"అక్కడ కూర్చున్నావేంటి వదినా? గాలి తిరిగేలా ఉంది!" అంది బొరియలోంచి బయటికొచ్చిన సూదమ్మ. తల్లీకొడుకులను ఎగాదిగా చూసింది. బొరియలో దాచిన మేడిపళ్లు, దుంపలు వాళ్ల ముందుకు దొర్లించింది. "ముందు పళ్లు తినండి, త్వరగా ఒంటబడతాయి. తర్వాత దుంప నమలండి. అది మెల్లగా అరుగుతుంది, కొండ దాటేదాకా ఆగుతుంది."

గుబురమ్మ కళ్లముందు బుంగన్న పొట్ట మెదిలింది. ఒళ్లో కొడుకు చెయ్యి వేలాడుతోంది. కళ్లు మూసుకుని తింది. కొడుకుకూ నమిలి పెట్టింది.

వెంటనే ఏమీ కాలేదు. పొగ ఇంకాస్త దగ్గరికొచ్చింది. ఎక్కడో వెదుళ్లు ఫట్‌ఫట్‌మని పేలుతున్నాయి. 'ఆలస్యం చేశానా? నా బిడ్డ ఇక లేవడా?' అనుకుంటూ మసిగాడి ముఖమే చూస్తూ కూర్చుంది. సూదమ్మ వాళ్ల చుట్టూ అటూ ఇటూ తిరుగుతోంది. కొంతసేపటికి మసిగాడు కళ్లు తెరిచాడు. "ఇంకో ముక్క ఉందా అత్తా?" అన్నాడు.

"తింటూ ఎక్కరా!" అంది సూదమ్మ. ఈసారి గుబురమ్మ కాళ్లూ లేచాయి.

ముగ్గురూ పొద్దు వాలే వేళకు కొండ దాటారు. మంట కొండ మీది బండల దగ్గర ఆగిపోయింది. వాగు ఒడ్డున బుంగన్న ఎదురొచ్చాడు. సంగతంతా విని ముక్కుమీద వేలేసుకున్నాడు.

"నన్ను చూసి దుంపల మీద పగబట్టావా చెల్లీ? దుంపలేం చేశాయే నన్ను? నేను దుంప ముడితే కదా! చెదలు మానేశాను. పళ్లూ మానేశాను. పొద్దస్తమానం తేనెపట్టులో మూతి పెట్టుకు కూర్చున్నాను. ఆ మాటే ఆ రోజు చెప్పబోతే పన్ను పోటెత్తింది!"

గుబురమ్మకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

అప్పటి నుంచి ఆమె పుట్టా తవ్వేది, దుంపా తవ్వేది. మేడిపళ్లు రాలితే ఏరేది. తేనె దొరికితే కొడుక్కి ఒక్కసారి నాకించి తేనెపట్టు దాటిపోయేది. అప్పుడు మాత్రం ఆమెకు కొంచెం గుబులుగానే ఉండేది.

కొన్నాళ్లకు ఒక ఉదయం మసిగాడు వీపు మీదికి దూకాడు. గుప్పెళ్ల నిండా వెంట్రుకలు లాగి పట్టుకున్నాడు. గుబురమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నొప్పిగా ఉందా అమ్మా? మెల్లగా పట్టుకోనా?"

"వద్దురా నాన్నా" అంది గుబురమ్మ. "ఇంకా గట్టిగా పట్టుకో."

నీతి: చేటు చేసింది తీపి కాదు, మితం తప్పడం. కండనిచ్చే తిండీ, సత్తువనిచ్చే తిండీ రెండూ కావాలి. ఒకదానికి భయపడి రెండోదానితోనే బతకాలని చూడకూడదు.