తిరగేసిన నంబరు

ఒక పేటలో ఒక ఏటీఎం ఉండేది. దానికో అద్దాల గది, ఆ గదికి సరిగ్గా పడని తలుపు, పైకప్పు మూలన ఒక గాజు కన్ను. జనం చెప్పులు బయటే విడిచి లోపలికి వెళ్లేవారు. చల్లదనానికి కొంత, భయానికి కొంత.

ఆ పేటలోనే గొడుగాయన ఉండేవాడు. వాన లేకపోయినా, ఎండ లేకపోయినా గొడుగు చంకలోనే. ఊరందరి ఫోన్లకూ వచ్చే మెసేజ్ ముందు ఆయనకే వచ్చేది. ఒకరోజు ఆయన ఏటీఎం మెట్ల మీద నిలబడి ఒక రహస్యం చెప్పాడు. రహస్యం కాబట్టి గట్టిగానే చెప్పాడు.

"దొంగ చాకు చూపిస్తే బెదరకండి. మీ నంబరు తిరగేసి కొట్టండి. మిషను వాడికి డబ్బులిస్తున్నట్టే ఇస్తూ పోలీసులకు కబురు పెట్టేస్తుంది. రెండు నిమిషాల్లో జీపు."

"నిజమేనా బాబాయ్?" అంది ఎదురు అరుగు మీద జాకెట్లు కుట్టే ఆమె.

"అబద్ధమైతే అంతమందికి ఎందుకు పంపుతారమ్మా?"

ఆమెకు ఆ మాట నచ్చింది. నచ్చడానికి కారణముంది. ఆమె కుట్టే మిషను ఆమెది కాదు. ప్రతి జాకెట్టు కూలిలో సగం మిషను గలావిడకే పోయేది. పక్క వీధిలో ఒకావిడ ఊరు విడిచి వెళ్తూ జాకెట్లూ కుట్టే, చీర అంచులూ వేసే తన పీకో మిషను పద్దెనిమిది వేలకు ఇస్తానంది. శనివారం సాయంత్రం దాకా ఆగుతానంది. మూడేళ్లుగా దాచిన డబ్బు సరిగ్గా అంతే ఉంది. అది చేతికొస్తే కూలి మొత్తం ఆమెదే.

అందుకని జాగ్రత్త పడింది. తన నంబరు మొగుడికి కూడా చెప్పని మనిషి, దాన్ని తిరగేసి పొద్దస్తమానం వల్లె వేసింది. కాలు పెడలు తొక్కేది, నోరు తొమ్మిది, మూడు, ఏడు, నాలుగు అనేది.

"ఏమిటే ఆ మంత్రం?" అంది పక్కన ఇస్త్రీ బండి వదిన.

"దొంగొస్తే కొట్టే నంబరు వదినా."

"మరి మామూలప్పుడు కొట్టేదో?"

"అమ్మో, అది చెప్పకూడదు. రహస్యం!"

శనివారం మధ్యాహ్నం ఆమె కార్డు కొంగున ముడేసుకుని ఏటీఎంకి వెళ్లింది. వెనకాలే హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకడు వచ్చాడు. హెల్మెట్ తీసి లోపలికి రావాలని గోడ మీద రాసి ఉంది. అతను చదివి, తీసి, చంకలో పెట్టుకున్నాడు. బుద్ధిమంతుడు, అనుకుంది ఆమె. అప్పుడు చాకు తీశాడు.

"అరవకక్కా. డబ్బులు తియ్యి."

ఆమె బెదిరి, కొంగు ముడి విప్పి కార్డు పెట్టింది. మరుక్షణమే, సిగ్గుపడాల్సిన సంగతే గానీ, లోపల చిన్న సంతోషం కూడా కలిగింది. చదివిన పాఠమే పరీక్షలో వచ్చింది. దాచి కొడితే వాడికి అనుమానం వస్తుందని, ఒక్కొక్క అంకే వాడికి కనబడేలా నొక్కింది. అసలు నంబరు కాదుగా, దాచడమెందుకు?

నంబరు తప్పు, అంది యంత్రం.

ఎంత బాగా నటిస్తోంది, అనుకుంది ఆమె. మళ్లీ అలాగే కొట్టింది. తప్పు, అంది యంత్రం మళ్లీ.

అతను విసుక్కోలేదు. "ఆగక్కా. మూడోసారి కూడా తప్పు కొడితే కార్డు లాకవుతుంది. నీకూ నష్టం, నాకూ నష్టం. తిరగేసి కొడుతున్నావు కదూ?"

ఆమె జీపు కోసం తలుపు వంక చూసింది.

"ఆ మెసేజ్ నాకూ వచ్చింది. నేనే పదిమందికి పంపాను."

అతను అవే అంకెలు చివర నుంచి మొదటికి కొట్టాడు. యంత్రం డబ్బంతా ఇచ్చింది, ధన్యవాదాలు చెప్పింది. గాజు కన్ను అంతా చూసింది. చూడటమే దాని పని. అతను హెల్మెట్ పెట్టుకుని తలుపు జాగ్రత్తగా వేసి వెళ్లాడు.

ఆమె వచ్చి మెట్టు మీద కూర్చుంది. కేక పెట్టలేదు. తిరగేసి కొట్టనే కొట్టింది కదా, అదీ రెండుసార్లు. జీపు బయల్దేరే ఉంటుంది. పీకో మిషనావిడ ఫోన్ చేసింది.

"వస్తున్నావా? ఆటో పిలిచాను."

"పోలీసులు రాగానే వచ్చేస్తానండీ."

రెండు నిమిషాలయ్యాయి. ఇంకో గంటయ్యింది. అప్పుడు మోటార్ సైకిల్ మీద ఒక పోలీసు వచ్చి దిగాడు. ఆమె లేచి ఏడుస్తూ సంగతి చెప్పేలోపు పేట పేటంతా పోగయింది. గొడుగాయన ముందుకొచ్చాడు.

"చూశారా! చెప్పానా!"

"డబ్బు పోయింది బాబాయ్," అంది ఆమె.

"డబ్బు సంగతి తర్వాత. తిరగేసి కొట్టావా లేదా?"

"కొట్టాను."

"పోలీసు వచ్చాడా లేదా?"

ఆమె పోలీసు వంక చూసింది. "వచ్చాడు."

జనం చప్పట్లు కొట్టారు.

"ఏంటీ గుంపు? జరగండి, నేను డబ్బులు తీసుకోవాలి," అన్నాడు పోలీసు. "నువ్వు లోపలికొచ్చి చెప్పమ్మా."

ఆమె వెళ్లింది. అతను కార్డు పెట్టాడు. "ఒక్క నిమిషం, అటు తిరుగు," అన్నాడు. ఆమె తిరగలేదు. అతను టోపీ తీసి అంకెల మీద బోర్లించాడు, దాని కింద చెయ్యి పెట్టి ఏదో నొక్కాడు. ఏం నొక్కాడో ఆమెకు కనబడలేదు. గాజు కన్నుకూ కనబడి ఉండదు.

తర్వాత ఆమె చెప్పిందంతా విన్నాడు. రేపు స్టేషన్‌కి వచ్చి కాగితం రాసివ్వమన్నాడు, బండెక్కాడు. వీధి చివర పీకో మిషను ఆటోలో ఇంకెవరి ఇంటికో మలుపు తిరిగింది.

ఆమె మెట్టు దిగేసరికి కింద వరస కట్టి ఉన్నారు. ఇస్త్రీ వదిన అందరికన్నా ముందుంది.

"నీకు బాగా వచ్చు కదే. మా నంబర్లు సరిగ్గా తిరగేశామో లేదో కాస్త చూసి పెట్టు. అసలుది ఆరు, రెండు..."

"వద్దు వదినా, చెప్పకు," అంది ఆమె. రెండు చేతులతో చెవులు మూసుకుంది.

వినబడటం లేదేమో అనుకుని వాళ్లంతా ఇంకా గట్టిగా చెప్పారు.