మూడోసారి అడిగినప్పుడు

సభ అంటే సుమనుడికి తలనొప్పి.

కృష్ణ ఒడ్డున, ఒక చిన్న కొండమీద అతనుండే బౌద్ధ విహారం. ఇప్పుడక్కడ ఇటుకల దిబ్బ తప్ప ఏమీ లేదు గానీ, ఆ రోజుల్లో పున్నమికీ అమావాస్యకీ భిక్షువులంతా కూర్చుని విహారం సంగతులు తేల్చుకునేవారు. వంటశాల కప్పు ఎవరు వెయ్యాలి, వానాకాలానికి ధాన్యం ఎక్కడ దాచాలి, ఇలాంటివే. పెద్దవాళ్ళు గొంతులు పెంచేవారు, కుర్రవాళ్ళు ఆవులించేవారు. సుమనుడికి ధ్యానంలో దిట్ట అని అప్పటికే కాస్త పేరొచ్చింది. ఆ పేరు తలకెక్కిందని వేరే చెప్పాలా?

ఒకరోజు గురువు ధర్మనంది దగ్గరకి వెళ్ళాడు.

"భంతే, సభ నుంచి నన్ను వదిలెయ్యండి. ఆ గొడవల్లో కూర్చుంటే మనసు పాడవుతోంది."

"రాకపోతే కుదరదు నాయనా. వచ్చి కూర్చో. మాట్లాడమని ఎవరూ బలవంతం చెయ్యరు."

అదే పదివేలనుకున్నాడు సుమనుడు. అప్పటినుంచి సభలో కళ్ళు మూసుకుని కూర్చునేవాడు.

ఆ విహారంలో ఒక పద్ధతి ఉండేది. ఏ విషయమైనా సభాపెద్ద మూడుసార్లు అడుగుతాడు. వద్దనేవాళ్ళు లేచి మాట్లాడాలి, సరేననేవాళ్ళు ఊరుకోవాలి. మూడోసారికి కూడా ఎవరూ లేవకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. ధర్మనందే సభాపెద్ద. అడగడం వరకే ఆయన పని, తన అభిప్రాయం చెప్పే వీలు ఆయనకి లేదు.

ఆ వేసవిలో ఒక అమావాస్య నాడు పశువుల తొట్టి మాట వచ్చింది. కొండ ఊట నుంచి ఒక కాలువ విహారం గుమ్మం బయటి రాతితొట్టిలోకి పారేది. సాయంత్రాలు కింది పల్లె పశువులు అక్కడ నీళ్ళు తాగేవి. గంటల మోత, పేడ, దుమ్ము. ఆ నీళ్ళు లోపలి పూలతోటకి మళ్ళిద్దామని కొందరన్నారు.

ధర్మనంది ఒకసారి అడిగాడు. రెండోసారి అడిగాడు. మూడోసారి అడిగి చాలాసేపు ఆగాడు. సుమనుడు రెప్పల సందులోంచి చూస్తే గురువు తనవైపే చూస్తున్నాడు. తన ఏకాగ్రతకి మురిసిపోతున్నాడనుకుని నడుము ఇంకాస్త నిటారు చేశాడు.

మర్నాడు గురువు పిలిచాడు. "సాయంత్రం తొట్టి దగ్గరకి వెళ్ళి, ఇక పశువుల్ని తోలుకురావద్దని చెప్పు. కాలువ మళ్ళించేశారు."

సభలో ఏ సంగతి అడిగారో సుమనుడు వినిపించుకోనేలేదు. ఆ తొట్టి అతనికి పరాయిది కాదు. చిన్నప్పుడు పశువుల్ని తోలుకుని వచ్చింది అక్కడికే. దూడ పక్కన తనూ మూతిపెట్టి తాగిన ఆ నీళ్ళ చల్లదనం, తడిసిన రాతి వాసన, "ముందు దూడని తాగనీరా" అంటూ నవ్విన ధర్మనంది. ఆ నవ్వు కోసమే మళ్ళీ మళ్ళీ వచ్చాడు. ఒకరోజు వచ్చి, ఇక తిరిగి వెళ్ళలేదు.

"నేనెందుకు భంతే?"

"ఒప్పుకున్నవాళ్ళలో సభాపెద్ద పంపినవాడు వెళ్ళి చెప్పాలి. మన పద్ధతి."

"నేను ఒప్పుకోలేదు."

"మూడుసార్లు అడిగాను కదా."

"అప్పుడు ధ్యానంలో ఉన్నాను."

"తెలుసు. మూడోసారి నీకోసమే ఆగాను."

సాయంత్రం అందరికంటే ముందు నాగక్క వచ్చింది. చిన్నప్పుడు సుమనుడిని వెంటబెట్టుకుని పశువుల్ని కాసిన మనిషి, అతనికంటే బాగా పెద్దది. ఇప్పుడు జుట్టు నెరిసింది. ఆమె ఆవులు తొట్టిలో మూతులు పెట్టి, నీళ్ళు లేక తడి రాతిని నాకాయి.

"నీళ్ళేయి సామీ?"

"తోటకి మళ్ళించారు. ఇక ఇటు తోలుకురావద్దన్నారు."

"ఎవురన్నారు?"

"సంఘం."

"సంఘంలో నువ్వూ ఉండావు గదయ్యా. నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు" అన్నాడు సుమనుడు. అబద్ధమాడే అలవాటు అతనికి లేదు.

నాగక్క ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. "సర్లే సామీ" అని పశువుల్ని ఏటివైపు తిప్పింది. వేసవిలో కృష్ణ ఇసుక మేటలు దాటి ఎక్కడో సన్నగా పారుతుంది. ఒక ముసలావు మాత్రం తొట్టిని వదల్లేక నిలబడిపోతే, మెడ నిమిరి నిమిరి తీసుకెళ్ళింది.

సుమనుడు తిన్నగా గురువు దగ్గరకి వచ్చాడు. "తేలిపోయిన సంగతిని మళ్ళీ ఎత్తొచ్చా భంతే?"

"ఒప్పుకున్నవాడే లేచి, పొరబడ్డానని చెబితే ఎత్తొచ్చు. నలుగురూ నాలుగు మాటలంటారు మరి."

"అననివ్వండి."

పున్నమి సభలో సుమనుడు లేచాడు. "ధ్యానం అయిపోయిందా నాయనా?" అన్నాడొక పెద్దాయన. అందరూ నవ్వారు. సుమనుడు సిగ్గుతో చచ్చిపోయాడు, అయినా కూర్చోలేదు. తన పొరపాటు చెప్పుకున్నాడు. నాగక్క ఆవు సంగతి చెప్పాడు. తోట చూసుకునే భిక్షువు ఒప్పుకోలేదు. మాడిపోతున్న మొక్కల సంగతి ఆయన చెప్పాడు, అందులోనూ నిజముంది. ఆవులించే కుర్రవాళ్ళలో ఇద్దరు ముగ్గురు లేచి, పేడ మేమెత్తుతామన్నారు. మాటా మాటా పెరిగి, తగ్గి, చివరికి పొద్దున నీళ్ళు తోటకి, సాయంత్రం తొట్టికి అని తేలింది. కుర్రవాళ్ళు కాలువని తొట్టివైపు తిప్పి, కబురు చెప్పడానికి పల్లెకి పరుగెత్తారు.

ఆ సాయంత్రం సుమనుడు గురువు పక్కన కూలబడ్డాడు. గొంతు బొంగురుపోయింది.

"సగమే దక్కింది భంతే. ఎండలు ముదిరితే సాయంత్రం నీళ్ళు చాలవు."

కింద కాలువ మళ్ళీ తొట్టిలో పడుతోంది. పశువుల గంటలు ఒక్కొక్కటే దగ్గరవుతున్నాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత, తనే సభాపెద్ద అయ్యి మూడోసారి అడిగి ఆగినప్పుడల్లా సుమనుడికి ఆ సాయంత్రమే గుర్తొచ్చేది. గురువు పక్కన కూర్చుని ఆ గంటలు మళ్ళీ ఒక్కసారి వినాలని ప్రాణం కొట్టుకునేది.

ఆ రోజు ధర్మనంది గంటల చప్పుడు కాసేపు విని, మెల్లగా లేచాడు.

"అమావాస్యకి మళ్ళీ సభ ఉంది" అన్నాడు.