నక్క దిద్దిన అంకె

రాళ్ళవాగు ఆనకట్ట తలుపులను జంతువులు కంప్యూటరుతో ఎత్తేవి. ఆ ప్రోగ్రాం రాసింది ఎద్దు. దాని లోపల ఒక చిన్న స్క్రిప్టు భాషను కూడా అమర్చింది. నీళ్ళు ఎంత ఎత్తుకు వస్తే ఏ తలుపు తెరవాలో ఆ భాషలో ఎవరైనా రాయవచ్చు.

వానలకు ముందు ఆ భాషకు అయిదో కూర్పు, అంటే కొత్త వెర్షన్, వచ్చింది. దాన్ని ముందుగా ఎక్కించినవారికే ఆనకట్ట పెత్తనం అంది సింహం. నక్క కొత్త ఫైలు తెచ్చి పాతదాని స్థానంలో పెట్టింది. "నాలుగో కూర్పు కావాలి" అని తెర మీద చూపి ప్రోగ్రాం ఆగిపోయింది.

"ఏం బావా, నీ మొండితనమంతా దీనికి పోశావా?" అంది నక్క.

"ఆ అడ్డు కావాలనే పెట్టాను" అంది ఎద్దు. "నాలుగో కూర్పుతో కలిపి కంపైల్ చేసిన, అంటే యంత్రానికి అర్థమయ్యే కోడుగా మార్చిన ప్రోగ్రాం ఇది. నీటిమట్టాన్ని మూడో గడిలో వెతుకుతుంది. కొత్త కూర్పులో మట్టం నాలుగో గడికి జరిగింది, మూడోది ఖాళీ. కొత్తదానితో మళ్ళీ కంపైల్ చేస్తాను. రెండు రోజులు ఆగు."

"ఈలోగా ఎలుగుబంటి ముందుగా ఎక్కించి పెత్తనం తన్నుకుపోతుంది!" అంది నక్క.

"నీ పిల్లలున్న బొరియ ఈ గట్టులోనే ఉంది, మరిచిపోకు."

"నా పిల్లల సంగతి నాకు చెప్తావా? పోయి మేత మేయి."

ఎద్దు అటు వెళ్ళగానే నక్క కొత్త ఫైలు తెరిచి, కూర్పు సంఖ్య అయిదును నాలుగుగా దిద్దింది. ప్రోగ్రాం నమ్మి మొదలైంది. తెర మీద నీటిమట్టం సున్నా అని వచ్చింది. వాగు నిజంగానే ఎండి ఉంది.

"చూశారా ప్రభూ, ఎంత సరిగ్గా చూపిస్తోందో!" అంది నక్క, సింహాన్ని పిలిచి.

సింహం పెత్తనం ఇచ్చేసింది. ఎద్దు తిరిగి వచ్చి నిలదీస్తే, "కీబోర్డు ముట్టుకున్నావంటే సింహానికి చెప్తాను" అంది నక్క.

మర్నాడు మధ్యాహ్నం కొండల్లో వాన పడి వాగు పొంగింది. తెర మీద ఇంకా సున్నాయే. ఒక్క తలుపూ కదల్లేదు.

గట్టు మీది నుంచి కుందేలు అరిచింది. "నక్క మామా, తెర కాదు, బయటికి చూడు! నీ బొరియ మునిగింది!"

ఎద్దు మెడకు తాడు వేసుకుని చేతిచక్రాన్ని లాగి తలుపు ఎత్తింది. నీరు దిగింది. బురదలోంచి రెండు పిల్లలను బయటికి తీశారు. రెండింటికీ ఊపిరి లేదు.

"సున్నా అనే చూపించింది బావా" అంది నక్క.

"ఖాళీ గడిని ఖాళీ అంది, అంతే. అబద్ధం రాసింది నువ్వు."

ఎద్దు వెళ్ళి కంపైల్ చేయడానికి కూర్చుంది. సరిగ్గా రెండు రోజులు పట్టింది.

నీతి: తనిఖీని దాటడానికి అంకె దిద్దినవాడు ప్రమాదానికి తానే తలుపు తీస్తాడు.