ఖాళీ ఇల్లే కావాలట

చెరకుతోట గట్టు మీద కోటిలింగం అనే పందికొక్కుకి ఐదు బొరియలున్నాయి. ఒకదాంట్లో తనుండి, మూడింట్లో ధాన్యం కుక్కి, ఐదోదాన్ని ముంగిస దంపతులకి అద్దెకిచ్చాడు. మొగుడి పేరు గవర్రాజు, పెళ్లాం సీతారత్నం. ముంగిసలు పందికొక్కుల్ని తినవా అని మీరడగొచ్చు. తింటాయి, ఎందుకు తినవు? కానీ ఇంటి ఓనర్ని తినడమనేది ఆ కుటుంబంలో లేదు. అద్దె కింద వాళ్లు చేసేదల్లా పొద్దున్నా సాయంత్రం గట్టు చుట్టూ కాపలా తిరగడం, పామూ పురుగూ రాకుండా చూడడం.

అలా మూడేళ్లు గడిచింది. ఈలోగా సొంతిల్లు కూడా చూసుకున్నారు. తోట చివర రాళ్లపోగు కింద ఉడుము పోలయ్యది. చెరకు కొట్టడం అయ్యాక కొండ మీద కూతురి దగ్గరికి వెళ్లిపోతానని, ఇల్లు మీకేనని ఆయన మాటిచ్చాడు. బయానాగా వీళ్లు కోడిగుడ్లు కూడా ఇచ్చేశారు. చెరకు కొట్టడానికింకా నెల ఉంది. సీతారత్నానికి మాత్రం నెలలు నిండాయి.

సరిగ్గా అప్పుడే ఓ పొద్దున కోటిలింగం చెరకుముక్క నములుతూ వచ్చాడు. వెనకాల బేరాలు కుదిర్చే నక్క జంబయ్య.

"గవర్రాజూ, ఇల్లమ్మేస్తున్నానయ్యా. పది రోజుల్లో ఖాళీ చెయ్యాలి."

సీతారత్నం లోపల్నించి అంది. "ఇవాళో రేపో పురుడు బాబుగారూ. ఒక్క నెల ఆగండి, మేమే వెళ్లిపోతాం."

"నెలా? కొనే పార్టీ ఆగొద్దూ? జొన్నల నిల్వ మొత్తం రాసిచ్చేస్తానంటున్నాడు."

"పోనీ మా కాపలా గురించైనా ఆలోచించండి," అన్నాడు గవర్రాజు.

"ఏం కాపలా? మూడేళ్లలో ఒక్క పామునైనా చూశానా నేను? లేని పాముల పేరు చెప్పి ఊరికే ఉంటున్నారు నా ఇంట్లో."

జంబయ్య తోక సవరించుకున్నాడు. "పార్టీ చాలా నెమ్మదస్తుడు. పిల్లల్లేరు. నడిస్తే చప్పుడుండదు. పది రోజులకోసారి భోంచేస్తాడు. ఒకటే షరతు, ఇల్లు పూర్తిగా ఖాళీగా ఉండాలి. అద్దెవాళ్లంటే ఆయనకి చిరాకు."

ఆ సాయంత్రమే ముగ్గురు పిల్లలు పుట్టారు. కళ్లు కూడా తెరవలేదు పాపం.

గవర్రాజు పోలయ్య దగ్గరికి పరుగెత్తాడు. ఆయన నొచ్చుకున్నాడే గానీ, "నా తోకకే ఈ ఇల్లు చాలట్లేదు నాయనా, మిమ్మల్నెక్కడ పెట్టుకోను? కొండదారిన ఇంకా నీళ్లున్నాయి, నేను కదల్లేను," అన్నాడు. తూము పక్కన ఎండ్రకాయ చూపించిన గది నేల తడి ఆరలేదు. కుందేలమ్మ దగ్గర రెండు గదులు ఖాళీయే. కానీ నీచు తినేవాళ్లకి ఇవ్వనని మొహం మీదే చెప్పింది. తిరిగి తిరిగి గవర్రాజు పాదాలు పగిలిపోయాయి. ఇంటికొచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు.

"ఏవండీ, ఎక్కడైనా దొరికిందా?"

"లేదు సీతా. భయంగా ఉంది నాకు. పిల్లల్ని నోట కరుచుకుని రోడ్డున పడతామేమో."

సీతారత్నానికి తిండి సహించడం లేదు. పిల్లల్ని ఒక మూల నుంచి ఇంకో మూలకి మార్చడం, మళ్లీ మార్చడం, ఇదే పని. ఏడో రోజున ఉన్నట్టుండి ఆగిపోయింది.

"చప్పుడు లేకుండా నడిచేవాడెవడండీ? పది రోజులకోసారి తినేవాడెవడు? మనం లేకుండా ఉంటేనే దిగుతాననేవాడెవడు?"

గవర్రాజు వీపు మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఉన్నపళంగా వెళ్లి కోటిలింగానికి చెప్పాడు. ఆయన పడీ పడీ నవ్వాడు. "ఖాళీ చెయ్యమంటే ప్రతి అద్దెవాడూ ఏదో ఒక కథ చెప్తాడయ్యా. మీది కాస్త కొత్తగా ఉంది, అంతే."

మర్నాడు సీతారత్నమే వెళ్లింది. ఈసారి పాము ఊసెత్తలేదు.

"ఖాళీ చేస్తాం బాబుగారూ. కాకపోతే మా వాళ్లలో ఒక ఆనవాయితీ. పిల్లలు పుట్టిన ఇల్లు వదిలేటప్పుడు, కొత్తగా దిగేవాళ్లని మేమే గుమ్మంలో నిలబడి లోపలికి పిలవాలి. లేకపోతే పిల్లలకి అరిష్టం. ఆ జంబయ్యగారికి చెప్పకండి, ముందే వెళ్లిపోమంటాడు."

పైసా ఖర్చు లేని కోరిక. పీడా విరగడవుతోంది కదా అని కోటిలింగం సరేనన్నాడు. ఇల్లు ఖాళీ అయిపోయిందని జంబయ్యకి కబురు కూడా పంపాడు.

పదో రోజు పొద్దున్నే కోటిలింగం మీసాలు దువ్వుకుని గట్టు మీద నిలబడ్డాడు. గడ్డి కదిలింది. జంబయ్య ఒక్కడే వస్తున్నట్టు కనిపించాడు. ఆ పక్కనే మెల్లగా పడగ లేచింది. నల్లత్రాచు. అది ఇంటి వంక చూడలేదు. కోటిలింగాన్ని పైనించి కిందదాకా తీరిగ్గా చూసింది.

"ఓనరుగారు పక్కింట్లోనే ఉంటారన్నావు. నిజమేగా జంబయ్యా?"

"నిజమేనండి. రోజంతా ఇంటిపట్టునే ఉంటారు."

కోటిలింగం నోట్లో చెరకుముక్క జారి పడిపోయింది. అప్పుడు గుమ్మంలోంచి గవర్రాజు, సీతారత్నం పక్కపక్కనే బయటికొచ్చారు.

"దయచెయ్యండి," అంది సీతారత్నం. "మీకోసమే చూస్తున్నాం."

త్రాచు వెనక్కి తిరగడం కోటిలింగం చూడనే లేదు. గడ్డి ఊగడమే కనిపించింది. జంబయ్య అంతకు ముందే లేడు.

కోటిలింగం సీతారత్నం వైపు తిరిగాడు. "ఇల్లు అమ్మను. మీరెన్నాళ్లయినా ఉండండి తల్లీ."

"నెల రోజులుంటాం," అంది సీతారత్నం. "తర్వాత మా ఇల్లు మాకుంది."

చెరకు కొట్టడం అయిపోయింది. పోలయ్య కొండెక్కాడు. ముంగిసలు పిల్లల్ని నోట కరుచుకుని రాళ్లపోగుకి మారిపోయాయి. మూడో రోజు మధ్యాహ్నం గుమ్మం ముందు ఎవరో దగ్గారు. కోటిలింగం. ఐదు బొరియలున్న ఆసామి, బుగ్గల నిండా ధాన్యం కుక్కుకుని, తల దించుకుని నిలబడ్డాడు. నిద్ర లేక కళ్లు ఉబ్బిపోయాయి.

"గది ఏదైనా అద్దెకిస్తారా అమ్మా?"

సీతారత్నం గుమ్మంలోంచి పక్కకి జరిగింది.

"పిల్లలు పడుకున్నారు. చప్పుడు చెయ్యకుండా రండి."

నీతి: నీకే ఆపదా రావడం లేదంటే, అది రాకుండా ఎవరు చూస్తున్నారో ముందు కనుక్కో.